పొడి దుమ్ము కప్పిన గుంత

నా చిన్నప్పుడు, అంటే శంషాబాద్‌కు విమానాలు ఇంకా రాని తొంభైల్లో, మామిడిపల్లి దారిలోని ఒక బీడులో మాకు ఫాస్ట్ బౌలింగ్ నేర్పిన అన్న ఒకాయన ఉండేవాడు. నగరంలో లీగ్ మ్యాచ్‌లు ఆడేవాడు. శనివారం సాయంత్రాలూ, ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాకా సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన గురించి మా ఊళ్ళో ఇప్పటికీ ఒక అబద్ధం తిరుగుతోంది. దాన్ని ఆపగలిగింది నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళూ ఆపలేదు.

పిచ్ మీద మేము మ్యాట్ పరిచేవాళ్ళం. బౌలర్ ముందుకాలు పడేది మాత్రం మట్టి మీదే. మడమ దిగి దిగి అక్కడ గుంత పడేది. ఆట అయ్యాక తడి మన్ను వేసి, దిమ్మిసతో కొట్టి దాన్ని పూడ్చడం చివరి ఓవర్ వేసినవాడి పని. నీళ్ళు దూరపు బావి నుంచి బకెట్‌తో మోసుకురావాలి.

నాకు పద్నాలుగేళ్ళు. నా అంత వేగంగా వేసేవాడు లేడని గట్టి నమ్మకం. ఆయన మాత్రం నెల రోజులుగా నా చేతికి కొత్త బంతి ఇవ్వలేదు. ఎప్పుడైనా పాత బంతి ఇచ్చినా, ఎక్కువగా ఉత్త చేతులతోనే పరుగెత్తించేవాడు.

"కొత్త బంతి ఎప్పుడిస్తవన్నా?" అంటే, "ముందుగాల కాళ్ళు ఒక్కతీరుగ పడనియ్యిరా, బంతి ఏడికి పోతది?" అనేవాడు. నా అడుగులు కుదరడం లేదన్నది నిజమే. వినే ఓపిక నాకు లేదు.

ఒక శనివారం చివరి ఓవర్ నాకిచ్చాడు, మళ్ళీ పాత బంతితోనే. ఒళ్ళు మండింది. నీళ్ళకు పోకుండా కాలితో పొడి దుమ్ము గుంతలోకి నెట్టి, పైన అరచేత్తో నున్నగా చేసి ఇంటికి పోయాను. చూస్తే పూడ్చినట్టే ఉంది.

మర్నాడు మంఖాల్ జట్టుతో మ్యాచ్. మొదటి బంతికే అన్న ఎడమకాలు ఆ దుమ్ములోకి దిగబడింది. మోకాలు మెలితిరిగి బోర్లా పడ్డాడు.

"ఏందన్నా, పగటిపూటనే తాగినవా?" అని అవతలి జట్టువాళ్ళు నవ్వారు. ఆయన గుంతలోంచి పిడికెడు దుమ్ము తీసి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి, నా వైపు చూశాడు. ఏమైందని మావాళ్ళు అరుస్తుంటే, "నేనే చూస్కోలె. ఇగ ఊకోండ్రి" అన్నాడు.

ఆ మోకాలు మళ్ళీ కుదురుకోలేదు. లీగ్ ఆట అక్కడితో ఆగిపోయింది. రెండు నెలలకు చేతికర్రతో వచ్చి, నా చేత నీళ్ళు తెప్పించి, గుంత పూడ్పించి, కర్రతో పొడిచి చూశాడు. గట్టిగా ఉంది. అప్పుడు కొత్త బంతి నా చేతిలో పెట్టాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. "నాకెర్కేరా. జర చూసి ఎయ్యి" అన్నాడు, అంతే. పరుగెత్తాను గానీ గుంత దగ్గరికి వచ్చేసరికి కాలు ముందుకు పడలేదు.

తాగి పడ్డాడన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. ఇళ్ళల్లో పిల్లల్ని పంపడం మానేశారు. చివరికి నలుగురం మిగిలాం. ఆయన రావడం మానేశాడు. అప్పుడైనా నేను చెప్పలేదు.

మొన్న టీ హోటల్లో ఎవరో "గా తాగుబోతు కోచ్" అన్నారు. గ్లాసు పట్టుకుని మళ్ళీ ఊరుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకే రాస్తున్నాను. ఇప్పటికీ ఎక్కడ కొత్తగా కప్పిన మట్టి కనిపించినా మడమతో నొక్కి చూడందే అడుగు వేయలేను. ఆయన ఏనాడూ చుక్క ముట్టలేదు. ఆ గుంత నాది.