ఆకలి మీదున్న ఈస్ట్

బేకరీల్లో రొట్టెను పొంగించే ఈస్ట్‌తోనే నా ఉద్యోగమంతా గడిచింది. పాతబస్తీలోని ఒక కాలేజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. ఆ ఏళ్ళ డైరీలన్నీ మాదన్నపేటలోని మా ఇంట్లో వరసగా ఉన్నాయి. ఒక్క ఆదివారం గురించి మాత్రం సగమే రాశాను. మిగతా సగం ఇది.

ఈస్ట్ కణం నుంచి ప్రొటీన్ బయటికి రావాలంటే దానికి చిరునామాలాంటి ముక్క ఒకటి ఉండాలని మా ప్రొఫెసర్ గారు పాఠం చెప్పేవారు. అది లేనివి లోపలే ఉండిపోతాయి. చాంద్రాయణగుట్ట నుంచి వచ్చే ఒక రీసెర్చ్ విద్యార్థిని, పాలవ్యాపారం చేసేవాళ్ళ అమ్మాయి, అలాంటి చిరునామా లేని ప్రొటీన్ కూడా బయటికి వస్తోందని కనిపెట్టింది. కణాలకు రాత్రంతా చక్కెర అందకుండా చేస్తేనే వస్తుందట.

"చచ్చిన కణాలు పగిలి కారి ఉంటుందమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు.

"చచ్చినయి రంగేస్తే నీలమైతయి గద సార్. చూసిన, ఒకటో రెండో ఉన్నయి. గిది ఇంకేదో దారిల వస్తున్నది."

"అయితే సోమవారం నా కళ్ళముందు చూపించు. రాకపోతే ఈ టాపిక్ వదిలెయ్."

ఆమె స్కాలర్‌షిప్‌కు అది చివరి ఏడాది. టాపిక్ పోతే డాక్టరేట్ పోయినట్టే.

ఆ సోమవారానికి రెండు రోజుల ముందు, చాయ్ తాగుతుంటే ఎవరో నా డైరీల మాట ఎత్తారు. "సార్ డైరీల ఏముంటది? ఫ్రిజ్ ఎన్నింటికి తెరిచిన్రు, ఎన్నింటికి మూసిన్రు, గంతే," అంది ఆమె. అందరూ నవ్వారు. ప్రొఫెసర్ గారూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారం సాయంత్రం ఆమె చక్కెర లేకుండా ఈస్ట్ వేసిన తన ఫ్లాస్కును, రాత్రంతా ఊపుతూ ఉండే షేకర్ మీద పెట్టి బస్సుకు వెళ్ళింది. తాళం వేయడం నా పని. గ్లూకోజ్ సీసా తీసి, ఎంత కావాలో అంత కొలిచి, ఆ ఫ్లాస్కులో పోశాను. డైరీలో ల్యాబ్ మూసిన సమయం రాశాను.

పొద్దున ఫ్లాస్కులో నురగ. ఆమె దాన్ని ఎత్తి చూసింది.

"ఆకలి మీదున్నదానికి నురగ ఎట్లొస్తది? ఎవరో చక్కెర పోసిన్రు సార్. తాళమేసింది గీ టెక్నీషియన్ సారే."

ప్రొఫెసర్ గారు నా వైపు తిరిగారు. "ఏమైనా కలిపారా?"

"నాకేం పని సార్?"

పరీక్షలో ఆ ప్రొటీన్ జాడ లేదు. "ఇన్నేళ్ళలో ఆయన ఒక్క సీసా తప్పుచోట పెట్టలేదు. నీ తప్పు ఆయన మీద తోస్తావా?" అన్నారాయన.

మధ్యాహ్నం సింకు దగ్గర ఆమె మెల్లగా అడిగింది: "ఒక్క మాట చెప్పున్రి సార్. మళ్ల చేసుకుంట. మీకేం కాదు."

"ఫ్లాస్కులు కడిగి బోర్లించి పో," అన్నాను.

కడిగి, బోర్లించి పోయింది.

మరుసటేడు రాజమండ్రి వైపు కుర్రాడొకడు ఆమె పనిచేసిన బల్ల దగ్గర చేరాడు. బీరువాలో దొరికిన ఆమె నోట్‌బుక్ చూసి అదే ప్రయోగం చేశాడు. ఆ సాయంత్రం నేను తాళం మాత్రమే వేశాను. ప్రొటీన్ బయటికి వచ్చింది. ఆమె రిజిస్ట్రేషన్ అప్పటికే రద్దయింది. ప్రొఫెసర్ గారు మిఠాయి తెప్పించారు.

"అక్క కూడా సరిగ్గా ఇలాగే చేశారండి. మరి ఆవిడకెందుకు రాలేదంటారు?" అడిగాడు ఆ కుర్రాడు.

"ఆమె చెయ్యి శుభ్రం గాదు బాబూ," అన్నాను.

నమ్మాడు. ఇంకో మిఠాయి ముక్క నా చేతిలో పెట్టాడు.