తువ్వాలుకు రవిక గుడ్డ

మొన్న మా కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని, విదేశం నుంచి తమ ఆఫీసుకు రాబోయే ఉద్యోగికి ఇల్లు, పిల్లల బడి, దవాఖాన అన్నీ ఒక్క పూటలో కుదిర్చేస్తుంటే, ఒకప్పుడు అదే కొలువులో నేను వెలగబెట్టిన ఘనకార్యం గుర్తొచ్చి నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి.

అప్పుడు నాది కొత్త ఉద్యోగం. ఓ విదేశీ కంపెనీ జపాన్ నుంచి పంపిన ఇంజనీరును, ఆయన భార్యను మొయినాబాద్‌లో కాపురం పెట్టించి కనిపెట్టుకుని ఉండడం నా పని. వాళ్లనెవరూ ఇబ్బంది పెట్టకూడదని పైనుంచి ఉత్తర్వు. మన కాలంవాళ్లకు పైఅధికారి మాటంటే వేదవాక్కు కదా, వీధివాళ్లెవరినీ ఆ గడప తొక్కవద్దన్నాను. పొరుగువాళ్లను పలకరించి వస్తానని ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో అడిగిన ప్రతిసారీ అవసరం లేదని ఆపేశాను. రెండు నెలలకు ఆవిడ పెట్టె సర్దుకుంది. ఆవిడ పోతే ఆయనా పోతాడు, ఆయన పోతే నా ఉద్యోగమూ పోయినట్టే.

దిక్కుతోచక ముడిమ్యాల నుంచి మా పెద్దమ్మను తీసుకెళ్లాను. పెట్టె పక్కన కాగితాల్లో చుట్టి ఉన్న చిన్న చిన్న తువ్వాళ్లు చూసి, అవేమిటో నాచేత అడిగించింది. వాళ్ల దేశంలో కొత్తగా దిగినవాళ్లే ఇంటింటికీ వెళ్లి ఇచ్చి రావాలట. ఇవ్వలేదని వీధంతా తమను వెలివేసిందనుకుని ఆవిడ రెండు నెలలూ కుమిలిపోయింది.

“మర్యాద చేస్తనంటే ఆపినవారా, నీ నౌకరి పాడుగాను” అని నన్ను తిట్టి, పెద్దమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

వెనకాలే నడిచాను. ప్రతి గడపలో ఆవిడ నడుం వంచి రెండు చేతులా తువ్వాలు అందించేది. మా వైపు తువ్వాలు పెట్టడమంటే చుట్టరికమే. “ఉత్తచేతులతోని ఎట్ల పంపుతం బిడ్డా” అంటూ ఒక్కో ఇల్లాలూ లోపలికి పరుగెత్తి, బొట్టు పెట్టి, రవిక గుడ్డ చేతిలో పెట్టింది. ఒక్క మాటా కలవని మనుషులు ఒకరికొకరు అంత చక్కగా ఎట్లా అర్థమయ్యారో, ఆ ఆశ్చర్యం నాకింకా తీరలేదు. ఆ సాయంత్రమే ఆవిడ పెట్టెలోంచి తన బట్టలు తీసేసి రవిక గుడ్డలు దాచుకుంది. మూడేళ్లున్నారు.

ఉద్యోగం నిలిచింది, రిటైరయ్యాను, ఆ మొయినాబాద్‌లోనే ఇల్లు కొనుక్కున్నాను. పక్కింట్లోకి ఎవరో వచ్చి ఆరు నెలలైంది. వాళ్లు రాలేదు, నేనూ వెళ్లలేదు. వెళ్లవద్దని నన్నెవరూ ఆపలేదు.