విప్పడానికి వీలుగా బిగించాడట!

హైటెక్ సిటీలో మా ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్ నేనే చూస్తాను. ఈ రోజు పొద్దున ఏసీ బ్లోవర్ గదిలోంచి ఇనుము గీరుకుంటున్న చప్పుడు వచ్చింది. ఆపించి, విప్పించి చూస్తే ఛీ అనిపించింది. షాఫ్ట్ మీద బేరింగ్‌ను కదలకుండా పట్టి ఉంచాల్సిన లాక్ నట్ వదులైపోయింది. బేరింగ్ పక్కకు జరిగి, ఫ్యాన్ రెక్కలు చుట్టూ ఉన్న ఇనప డబ్బాకు రాసుకుంటున్నాయి. నట్ తిరగకుండా దాని కింద ఉండే వాషర్ అంచున పొడుచుకొచ్చిన రేకు చెవిని నట్ గాడిలోకి వంచాలి. ఆ చెవి కొత్తదానిలా తిన్నగా నిలబడి ఉంది.

పోయిన నెల బేరింగ్ మార్చిన మెకానిక్‌నే పిలిపించాను.

"ఇదెందుకు వంచలేదు యాదగిరీ?"

"మల్ల బేరింగ్ మార్చేటప్పుడు జల్ది ఇప్పొచ్చని ఇడిచిపెట్టిన సార్."

మా హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు రోజూ అన్నం తినేది ఆ బ్లోవర్ పక్కనే కూర్చుని. ఒళ్లు మండిపోయింది. కొత్త నట్టు, కొత్త వాషర్ తెప్పించి, దగ్గరుండి చెవి వంచించాను. యాదగిరి సుత్తి కింద పెట్టి దిగులుగా అడిగాడు.

"గిట్ల గట్టిగ పెడితే మల్ల ఎట్ల ఇప్పాలె సార్?"

మీలో ఎవరికైనా జవాబు తోస్తే కామెంట్లో పెట్టండి, అతనికే చూపిస్తాను.