మడతత్తయ్య కోటు

మడతత్తయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏది కుట్టినా కుట్టు లోపల బెత్తెడు గుడ్డ వదిలేస్తుంది. మిగతా టైలర్లు అరంగుళంతో సరిపెట్టే చోట ఆవిడ బెత్తెడు వదిలి, లోపలికి మడిచి, పైకి ఏమీ ఎరగనట్టు ఇస్త్రీ చేసేస్తుంది. ఆవిడ కుట్టిన చొక్కాను బల్ల మీద నిలబెడితే నిలబడుతుంది. ఒకసారి హార్మోనియం పెట్టెకు తొడుగు కుట్టి, అందులోనూ బెత్తెడు వదిలింది. హార్మోనియం వాయించే ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని, "ఇది కూడా పెరుగుతుందా అమ్మా?" అని అడిగాడు.

"పెరగదని ఎవరైనా రాసిచ్చారా?" అంది అత్తయ్య.

ఆవిడ పనిచేసేది మేనల్లుడి నాటక సమాజంలో. అక్కడ దర్శకుడూ, కథానాయకుడూ, గోడలకు పోస్టర్లంటించేవాడూ అన్నీ మేనల్లుడే. నలభై రెండేళ్ళ మనిషి, మంచివాడు, కానీ తన నడుము గురించి మొదలెట్టాడంటే ఆపడం బ్రహ్మతరం కాదు. పదేళ్ళ కిందట అత్తయ్య కుట్టిన ఇత్తడి గుండీల కోటు ఇప్పటికీ తనకు సరిపోతోందని కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు.

"రెండు పూటలా తింటాను. ఒక్క అంగుళం పెరిగానా అత్తయ్యా?"

"లేదు నాయనా," అనేది అత్తయ్య, నోట్లో గుండుసూదులు పెట్టుకుని. ప్రతి నాటకానికి ముందూ ఆ కోటును ఇస్త్రీకని పట్టుకెళ్ళి రెండు రోజుల దాకా తెచ్చేది కాదు. ఒక్క కోటుకు అంత ఇస్త్రీ ఏమిటని అతను వేళాకోళం చేసేవాడు.

ఈ నడుము గొప్పలకు అసలు కారణం వీధి చివరి రెండో సమాజం. దాని నాయకుడికి మేనల్లుడు పెట్టిన పేరు గాదె. మనిషి నిండు గాదెలా ఉండేవాడు, గొంతూ అంతే నిండుగా ఉండేది. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఉప్పూ నిప్పూ.

అలాంటి సమయంలో, మూతబడిన ఒక అచ్చాపీసు అటక మీద ఓ నాటకం దొరికింది. రాసిన మాస్టారు పోయి ముప్పై ఏళ్ళయింది. ఆయన రాతప్రతి ఎలుకలపాలైందనే అందరూ అనుకున్నారు. యుద్ధమంటే భయపడే ఒక సేనాధిపతి కథ అది. చివరి రంగంలో అతను ఒంటరిగా నిలబడి, కోటుకు ఏడు గుండీలూ ఒక్కొక్కటే పెట్టుకుంటూ ఏడు మాటలు చెబుతాడు. అది చదివి మేనల్లుడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మూడు రోజులదీ కలిపి తిన్నాడు.

గాదె కూడా చదివాడు. ఇద్దరూ ఒకేరోజు మాస్టారి కూతురి గుమ్మంలో తేలారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఒకే రోజు, ఒకే హాల్లో ఇద్దరూ ఆడి చూపించమంది. నచ్చినవాళ్ళకే నాటకం ఇస్తానంది. పదేళ్ళుగా ఖాళీ కుర్చీల ముందు కితకితల నాటకాలు వేస్తున్న మేనల్లుడికి ఇది చావోరేవో. జన్మకు ఇలాంటి వేషం ఒక్కటి పడితే చాలనుకున్నాడు.

పొద్దున మేనల్లుడి ఆట. బాగా రక్తి కట్టింది. మధ్యాహ్నం గాదె వాళ్ళది. తీరా వాళ్ళు దుస్తుల పెట్టె తెరిస్తే లోపల ఎవరివో బొంతలున్నాయి. లారీలో పెట్టెలు తారుమారయ్యాయి. గాదె చెమటలు కక్కుతూ మేనల్లుడి గదిలోకి వచ్చాడు. అడగడానికి నోరు రాక, "కోటు చాలా బావుంది తమ్ముడూ," అన్నాడు.

మేనల్లుడు లోపల గంతులేశాడు. కోటు లేకపోతే గుండీలు లేవు, గుండీలు లేకపోతే నాటకమే లేదు. పైకి మాత్రం మర్యాదగా, "ఇచ్చేవాణ్ణే అన్నగారూ. కానీ ఇది నా కొలతకు కుట్టింది. మీకు చెయ్యి కూడా దూరదు," అన్నాడు.

"ఇవ్వరా," అంది అత్తయ్య.

"సరిపోదు అత్తయ్యా."

"తొడుక్కుని చూడనివ్వు."

ఆ తమాషా కూడా చూద్దామని విప్పి ఇచ్చాడు. గాదె ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాడు. మొదటి గుండీ పడింది. రెండోది, మూడోది పడ్డాయి. నాలుగోది పొట్ట మీదిది. అందరూ కళ్ళు మూసుకున్నారు. అదీ పడింది. ఏడోది కూడా పెట్టాక గాదె భయంభయంగా ఊపిరి వదిలాడు. ఒక్క కుట్టు కదల్లేదు. కోటు అతనికి కొలిచి కుట్టినట్టు అతికింది.

మేనల్లుడు గాదె పొట్ట వంక చూశాడు. తరవాత పక్కకు తిరిగి అద్దంలో తన వంక చూసుకున్నాడు.

"అత్తయ్యా, కుట్లలో వదిలిన గుడ్డంతా ఏమైంది?"

"రెండేళ్ళ కిందటే అయిపోయింది నాయనా. ఇప్పుడు పక్కల్లో వేరే ముక్కలు వేస్తున్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే స్టేజీ మీద పొట్ట బిగబట్టుకుంటావు. మాట సరిగ్గా రాదు."

గదిలో అందరి చేతులూ ఎవరి బట్టల కుట్ల మీదికి వాళ్ళవి వెళ్ళాయి. కాన్పయ్యాక తిరిగొచ్చిన కథానాయికకు తన పాత జాకెట్టు ఎలా పట్టిందో అప్పుడర్థమైంది. పదేళ్ళుగా ఆ సమాజంలో ఎవరికీ "ఇది నాకు పట్టడం లేదు" అని పదిమందిలో చెప్పుకునే అవసరం రాలేదు. మేనల్లుడికి సిగ్గేసింది, అత్తయ్య మీద ప్రేమ పొంగింది, ఆ రెండింటి మధ్యా నవ్వొచ్చింది. "వేసుకెళ్ళండి అన్నగారూ, టైమవుతోంది," అన్నాడు.

గాదె గొప్పగా ఆడాడు. నాలుగో గుండీ దగ్గర, అది పట్టదేమోనని, అతను నిజంగానే భయపడ్డాడు. మాస్టారి కూతురు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నాటకం వాళ్ళకే ఇచ్చింది. మేనల్లుడు చెయ్యి కలిపి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఇక ఆ వేషం తనది కాదు.

కాసేపటికి గాదె కోటు మడిచి పట్టుకుని వచ్చాడు. మాస్టారి కూతురు ముప్పై ఆటలు ఆడి తీరాలందట. అన్ని ఆటలకు అతని గొంతు నిలవదు, మారు వేషగాడు కావాలి. నాటకాలవాళ్ళు మారు మనిషిని వెతికేటప్పుడు నటన తరవాత చూస్తారు, కోటు పడుతుందా అనేది ముందు చూస్తారు.

"మావాళ్ళంతా పుల్లలు తమ్ముడూ. ఇది వాళ్ళ మీద వేలాడుతుంది. నీకైతే..." అని మర్యాదకు ఆపేశాడు.

"నాకైతే?"

"అచ్చు పోసినట్టుంటుంది. ఒకరోజు నువ్వు, ఒకరోజు నేను. ఆవిణ్ణి అడిగేశాను. లెక్కల టీచరు కదా, సగం సగం అనగానే ఒప్పుకుంది."

మేనల్లుడు లేచి గాదెను కావలించుకోబోయాడు. రెండు పొట్టలూ అడ్డొచ్చి చేతులు సగం దాకానే అందాయి. అత్తయ్య ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, టేపుతో ఒకరి తరవాత ఒకరిని కొలిచింది.

"నిజం చెప్పు అత్తయ్యా, ఎవరిది పెద్దది?"

ఆవిడ టేపు వంక చూసింది, ఇద్దరి మొహాలూ చూసింది.

"టేపు పాతబడింది నాయనా. అంకెలు కనబడ్డం లేదు."