ముడుపు కట్టిన ఫోనుకు వచ్చిన ఓటీపీ

జూన్ 19, గురువారం. గద్వాల, మా ఇల్లు, ముందర గది.

హాజరైనవారు: నేను, నా భార్య, మనవరాలు, పొద్దున బస్సుకు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన నా బామ్మర్ది, దేవుని గూట్లో ముడుపు కట్టి ఉన్న మనవరాలి ఫోను. ఫోనును హాజరులో రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. ఆ రోజు అందరికంటే ఎక్కువ మాట్లాడింది అదే కాబట్టి రాశాను. కొడుకు, కోడలు మల్దకల్ దగ్గర చేనులో పత్తి గింజలు పెట్టించడానికి పోయారు.

ఫోను ముడుపులోకి ఎలా వెళ్ళిందో ముందు చెప్పాలి. మనవరాలు ఇంటర్ పాసై డిగ్రీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంది. ఆమె కోరిక ఒకటే, వనపర్తిలో ఒక కాలేజీలో మైక్రోబయాలజీ చదవాలని. మొదటి విడతలో ఆ సీటే వచ్చింది. వచ్చిందన్న మెసేజ్ కూడా ఫోనుకు వచ్చింది. కానీ అదే వారం ఆమె ఒక రీల్ పెట్టింది. టీవీ సీరియల్ పాటకు మా బర్రె తల ఊపుతున్న రీల్ అది. ఎక్కడెక్కడివాళ్ళో చూసి మెచ్చుకున్నారు. ఆ లైకులు, కామెంట్ల కింద కాలేజీ మెసేజ్ ఎక్కడో పడిపోయింది. పిల్ల దాన్ని చూసేసరికి గడువు దాటి సీటు పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె సరిగా అన్నం తినలేదు. బర్రె మాత్రం మామూలుగానే మేసింది.

అప్పుడు నా భార్య ఆ ఫోనును గుప్పెడు బియ్యం, ఒక రూపాయి బిళ్ళతో పాటు పసుపు బట్టలో మూటకట్టి, బీచుపల్లి ఆంజనేయస్వామికి ముడుపు అని గూట్లో పెట్టింది. "రెండోసారి మా పిల్లకు అదే సీటు రావాలె. కాలేజిల కూసున్నంక విప్పుత" అని మొక్కుకుంది. మొక్కిన పని జరగకముందు ముడి విప్పడం మా ఇంటావంటా లేదు. మనవరాలు కూడా అప్పుడు ఒప్పుకుంది. చార్జింగ్ లేని వస్తువును దేవుని ముందు ఉంచడం బాగుండదని, వైరును మూట సందులోంచి బయటికి తీసి ఉంచింది నా భార్యే. రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఆ ప్లగ్గు కూడా పెట్టేది.

గురువారం బామ్మర్ది చెప్పులు విడుస్తూనే అన్నాడు.

"అక్కా, సీటొచ్చింది. అదే కాలేజి."

మనవరాలి వివరాలతో వెబ్‌సైట్ చూసే పని అతనికి అప్పగించాం. చూశాడు. మాకు చెప్పకముందే, బస్సులో కూర్చునే, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మూడు చోట్ల ఉన్న మావాళ్ళంతా, మనవరాలితో సహా, అందులో ఉన్నారు. రిటైరయ్యాక తీరిక ఉంటుందని నన్ను దానికి అడ్మిన్‌ను చేశారు, కానీ ఆ పొద్దున నేనింకా దాన్ని తెరవలేదు.

సీటు ఖాయం చేసుకోవడానికి ఆ సాయంత్రమే ఆఖరు. అది దాటితే ఈ ఏడాదికి ఆ సీటు లేదు. ఖాయం చేయాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ముడుపులో ఉన్న ఫోనుకు వస్తుంది. నంబరు మార్చుకుందామన్నా దానికి కూడా పాత నంబరుకే ఓటీపీ వస్తుందట.

"విప్పు అవ్వా" అంది మనవరాలు.

"కూసున్నంక విప్పుత అని మొక్కిన. నువ్వింక ఇంట్లనే ఉన్నవు."

"అది విప్పకుంటే నేను కూసునుడెట్ల?"

"నాకేం తెల్వది. స్వామి జూసుకుంటడు."

"విప్పనని మొక్కినవు గని అక్కా, కత్తిరియ్యనని మొక్కలేగద" అన్నాడు బామ్మర్ది.

"నీ నోరు కత్తిరిస్త."

నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఆఫీసులోనూ నా పద్ధతి అదే.

గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి లేచింది. "కండ్లు కనపడనోళ్ళ కోసం ఫోనే మెసేజ్‌లు, అండ్ల బొమ్మలతో సహా, చదువుతది తాతా. పక్కన ఉన్న బటన్లు రెండు కలిపి జరసేపు ఒత్తితే చాలు. ఒకసారి క్లాసుల తెల్వక ఒత్తి ఎంత పరేషానయిన్నో."

నా భార్య ఆలోచించింది. "ముడి ముట్టకు. కాళ్ళు చేతులు కడుక్కొచ్చి బట్ట మీదికెల్లి ఒత్తు."

పిల్ల ఒత్తింది. గూట్లోంచి ఒక ఆడగొంతు ఏదో పలికింది. నా భార్య రెండు చేతులూ జోడించింది.

మనవరాలు బామ్మర్ది ఫోనులో వెబ్‌సైట్ తెరిచి ఓటీపీ అడిగింది. గూట్లో టింగుమంది. "మీ ఓటీపీ. నాలుగు. సున్నా. ఏడు..." అంతలో ఇంకో టింగు. "చిన్నత్త. శుభాకాంక్షలు తల్లీ. చప్పట్లు కొడుతున్న చేతులు. చప్పట్లు కొడుతున్న చేతులు. చప్పట్లు కొడుతున్న చేతులు."

"స్వామి మూడంకెలు జెప్పిండు" అంది నా భార్య.

"స్వామి కాదక్కా, ఫోను."

"ఫోను ఎవరి గూట్ల ఉంది?"

రెండోసారి అడిగితే రెండంకెలు కూడా పూర్తిగా రాలేదు. "వనపర్తి మామ. కేకు ముక్క. బెలూను. బెలూను." మూడుసార్ల కంటే ఎక్కువ అడిగితే ఆ రోజుకు బంద్ అని వెబ్‌సైట్‌లో ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇంకొక్కసారే మిగిలింది.

అడ్మిన్‌గా ఇది నా బాధ్యత అనిపించింది. గ్రూపులో ఇలా రాశాను: "సభ్యులందరికీ మనవి. కారణాంతరాల వలన కొద్దిసేపు ఎవరూ అభినందించవద్దు."

మావాళ్ళు నా మాట ఎప్పుడూ కాదనరు. ఒక్కొక్కరే జవాబిచ్చారు. "పెదనాయన. సరే. పైకెత్తిన బొటనవేలు." "పెద్దక్క. అట్లనే. పైకెత్తిన బొటనవేలు." తర్వాత ఎవరికో అనుమానం వచ్చింది. "చిన్నత్త. ఎందుకు వద్దంటుండు. సీటు పోయిందా. ఏడుస్తున్న ముఖం." అక్కడి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. "వనపర్తి మామ. అయ్యో. ధైర్యంగా ఉండండి. జోడించిన చేతులు."

"సచ్చిందెవరని అడుగుతరు ఇంకాసేపైతే" అన్నాడు బామ్మర్ది.

"చేసిందంత నువ్వు. బస్సుల నోరు మూసుకొని కూసుంటే ఏం బోయింది నీకు?" అంది అతని అక్క.

మనవరాలు నా చేతిలోంచి ఫోను తీసుకుని, అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకు తాళం వేసింది. ఆ వసతి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. గూడు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నా భార్య ఫ్యాను కూడా ఆపేసింది. బామ్మర్ది దగ్గు వస్తుందని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. పిల్ల మూడోసారి అడిగింది.

టింగు. ఆరంకెలూ తడబడకుండా వచ్చాయి. ఒక్కో అంకె పలకగానే పిల్ల కొట్టింది. సీటు ఖాయమైనట్టు పచ్చ అక్షరాలు కనబడ్డాక అవ్వ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. "ఏడుస్తున్న ముఖం" అన్నాడు బామ్మర్ది తువ్వాలు తీసి. ఎవరూ నవ్వలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక నేను గ్రూపు తాళం తీశాను.

మర్నాడు పొద్దున నేనూ మనవరాలూ వనపర్తి కాలేజీకి వెళ్ళాం. సర్టిఫికెట్లు తీసుకుని రసీదు ఇచ్చారు. బయటికి వస్తుంటే ఆమె ఒక ఖాళీ తరగతి గదిలోకి దూరి మొదటి బెంచీ మీద కూర్చుంది. నా ఫోనుతో ఇంటికి కలిపి స్పీకరు పెట్టింది.

"కూసున్న అవ్వా. ఇగ విప్పు."

"సారున్నడా?"

"లేడు. సోమవారం నుంచి క్లాసులు."

"సారు లేకుంటే అది కాలేజిల కూసునుడెట్లయితది? బస్టాండుల గుడ కూసుంటరు."

"అవ్వా, నా ఫోను."

"ఉండనీయవే. పొద్దుగాల నుంచి అందరి ముచ్చట్లు జెప్తుంది. మీ చిన్నత్త కోడలు నీళ్ళోసుకుందంట. వనపర్తోళ్ళు ఇల్లు మారుతుండ్రంట. నాకు సదువు రాదని మీ తాత, గ్రూపుల ఏం పెట్టిండ్రని అడిగితే 'శుభోదయం అని పెట్టిండ్రు, అంతే' అని ఇన్నేండ్లు చెప్పుకుంట వచ్చిండు."

మనవరాలు నా వైపు చూసింది. నేను గోడ మీద ఉన్న బోర్డు వైపు చూశాను. ఆమె ఫోను నాకిచ్చేసి, తాను మాత్రం బెంచీ మీద నుంచి లేవలేదు. వరండాలో ఎవరైనా సారు పోతాడేమో, ఒక్క నిమిషం లోపలికి రమ్మందామని తలుపు వైపే చూస్తూ కూర్చుంది.