గేటు దగ్గర ఆగి అడిగే మా టీచరుగారు

సుగుణమణి టీచరుగారు ప్రభువునందు నిద్రించారన్న వార్త అందేసరికి నేను మందిరంలో చాపలు పరుస్తున్నాను. శుక్రవారం స్త్రీల కూడికకు ఆ చాపలు పరిచేది ఎప్పుడూ ఆవిడే. బెజవాడ ఆసుపత్రి నుంచి ఆవిడ భర్త ప్రసాదరావుగారు ఫోను చేసి, "మీ టీచరుగారు వెళ్ళిపోయారమ్మగారూ" అన్నారు. చాప చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దుఃఖం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది సిగ్గు. ఆ సిగ్గు సంగతి దాచి ఆవిడ సద్గుణాలు మాత్రం వర్ణిస్తే ఇది సంస్మరణ అనిపించుకోదు.

నేను అవనిగడ్డలో ఒక చిన్న సంఘానికి పాస్టరుగారి భార్యను. టీచరుగారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నాకంటే పెద్దవారైనా సంఘ మర్యాదను బట్టి నన్ను "అమ్మగారూ" అనే పిలిచేవారు. స్ఫురద్రూపి. గొంతు మాత్రం ఇంకా క్లాసులో ఉన్నట్టే ఉండేది. ఆవిడ రహస్యం చెప్తే సెంటరు దాకా వినపడుతుందని మేమంతా ఆటపట్టించేవాళ్ళం.

మా కూడికలో ఒక ఆచారం ఉంది. ఎవరి ప్రార్థన విన్నపాలు వాళ్ళు పైకి చెప్పుకుంటారు. మోకాళ్ళ నొప్పులు, పిల్లల ఉద్యోగాలు, కోతలయ్యేదాకా వాన రాకూడదని. నోటితో చెప్పుకోలేనిదేదైనా ఉంటే ఊరికే చెయ్యెత్తితే చాలు. దాన్ని మౌన విన్నపం అంటాం. చెయ్యెత్తినవాళ్ళని ఏమిటని అడగకూడదు, అది మర్యాద. ఆ భారాన్ని దేవుడికి అప్పగించి, టీ తాగి, ఇళ్ళకు వెళ్ళిపోతాం.

టీచరుగారు ఈ మర్యాదను మందిరం లోపల నిష్ఠగా పాటించేవారు. బయటికొచ్చాక ఖాతరు చేసేవారు కారు. గేటు దగ్గర చెప్పులు వేసుకునే చోట, చెయ్యెత్తిన మనిషి పక్కన చేరేవారు. "పదమ్మా, బస్టాండు దాకా నేనూ వస్తా. ఏమైంది?" అనేవారు. "ఏం లేదండీ" అంటే నమ్మే మనిషి కాదు. "ఏం లేకపోతే చెయ్యెందుకెత్తావే పిల్లా?" అనేవారు. బస్టాండు చేరేలోపు ఆ పిల్ల, నలభై అయిదేళ్ళ పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ అంతా చెప్పేసేది.

ఆశ్చర్యమేమిటంటే ఆ చెప్పుకోలేనివన్నీ ఇంచుమించు ఒకటే. ముట్లు తప్పడమో, ఆగకుండా పోవడమో, నిద్ర పట్టకపోవడమో, కారణం లేని ఏడుపో, మొగుడి మీద పట్టలేనంత కోపమో. ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే బరువు మోస్తూ ఒకే చాప మీద కూర్చున్నాం. ఎవరికి వాళ్ళం మాలోనే ఏదో పాపముందనుకున్నాం.

నా కథ కూడా అదే. యాభై దాటుతుండగా నా స్వభావమే మారిపోయింది. లోపల్నుంచి సెగ లేచి మెడ మీదికి పాకేది. జాకెట్టు తడిసిపోయేది. ఒక ఆదివారం కాఫీ చల్లారిందన్న పాపానికి మా ఆయన మీద, అదే సంఘానికి అయ్యగారి మీద అరిచి, అరగంటలో మందిరానికెళ్ళి అందరిచేత పాట పాడించాను. విశ్వాసం సన్నగిల్లిందనుకుని ఉపవాసాలు మొదలుపెట్టాను. దాంతో నీరసం కూడా తోడైంది. పాస్టరమ్మకి మౌన విన్నపం ఉంటుందా? చెయ్యెత్తితే సంఘం ఏమనుకుంటుంది?

నేను చెయ్యెత్తకపోయినా టీచరుగారు పట్టేశారు. క్రిస్మస్ నెల, అందరూ స్వెట్టర్లలో ఉన్నారు. నేను పాటల పుస్తకంతో విసురుకుంటున్నాను. గేటు దగ్గర ఆపి, ఆ గొంతుతోనే, "అమ్మగారూ, ముట్లాగి ఎన్నాళ్ళయిందండీ?" అన్నారు. "నెమ్మదిగా అనండి బాబూ!" అని హడలిపోయాను. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు, అలాగే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. "ఏడవండి, ఏం ఫర్వాలేదు. ఇది పాపం కాదు, వయసు. దీనికి డాక్టరుంది, దేవుడూ ఉన్నాడు, ఇద్దరి దగ్గరికీ వెళ్దాం" అన్నారు.

ఆ వారమే నన్ను ఆర్టీసీ బస్సెక్కించి బందరు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసి, వివరంగా మాట్లాడి, మందిచ్చి పంపింది. వస్తూ బందరు లడ్డూ కొనిపెట్టారు. "సంఘంలో ఎవరికీ పెట్టక్కర్లేదు, ఇది మనిద్దరిదే" అన్నారు. అంతటితో వదల్లేదు, ఇంటికొచ్చి అయ్యగారికి కూడా పాఠం చెప్పారు. "అయ్యగారూ, ఓర్పు గురించి ఆవిడకి తర్వాత బోధిద్దురుగాని, ముందు ఆ ఫ్యాను అటు తిప్పండి" అన్నారు. మా ఇంట్లో ఫ్యాను ఈనాటికీ నావైపే తిరిగి ఉంది.

ఎందుకింత పట్టుదల అని ఒకసారి అడిగాను. ఎప్పుడూ లేనిది ఆవిడ గొంతు తగ్గింది. "సర్వీసంతా ఆ ఒక్క పాఠం దాటేశానండి. ఆడపిల్లలు కిసుక్కుమంటారని, మగపిల్లలు చూస్తారని, ఇంటి దగ్గర చదువుకోండి అనేసేదాన్ని. ఆ పిల్లలే ఇప్పుడు మన చాపల మీద కూర్చున్నారు. వాళ్ళ ఒళ్ళు వాళ్ళకే తెలీదు" అన్నారు. అప్పటినుంచి కూడిక అయ్యాక టీ తాగేటప్పుడు ఆ పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ పదేపదే చెప్పిన మాటొకటి మా అందరికీ కంఠస్థం. "ముట్లు పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క మరక కనపడినా సిగ్గుపడకండి, ఆగకండి, డాక్టరు దగ్గరికి పరిగెత్తండి."

ఇంత చెప్పిన మనిషి, పోయిన వానాకాలంలో ఒక శుక్రవారం చెయ్యెత్తారు.

నేను చూశాను. కళ్ళు మూసుకుని చక్కగా ప్రార్థన చేశాను. మంచి మాటలు దొరికాయని లోలోపల సంతోషించాను కూడా. మరుసటి శుక్రవారం మళ్ళీ ఎత్తారు. ఆ తర్వాతా ఎత్తారు. గేటు దగ్గర చెప్పులు వేసుకోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టేది. పెద్దవారు కదా, వంగలేకపోతున్నారనుకున్నాను. మాటల్లో చిరాకు కనపడింది, వయసు మీద పడిందనుకున్నాం. ప్రసాదరావుగారి ఆరోగ్యం గురించి దిగులేమోనని కూడా మాలో మేమే తీర్మానించుకున్నాం. ఆవిడకేం, అన్నీ తెలిసిన మనిషి అనుకున్నాం. అందర్నీ అడిగే మనిషిని వేరే ఎవరో అడగాలన్న ఊహ మాలో ఒక్కరికీ రాలేదు.

చివరికి ప్రసాదరావుగారే ఉతకడానికి వేసిన చీర మీద మరక చూసి, గొడవపడి, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గర్భసంచిలో పుట్టిన క్యాన్సరు అప్పటికే పొట్టంతా పాకిందన్నారు.

నేను చూడ్డానికి వెళ్ళినరోజు మంచం మీద ఎంత చిన్నగా కనిపించారో! ఉండబట్టలేక, "మీకు తెలీదా టీచరుగారూ? మాకందరికీ చెప్పింది మీరేగా, ఎందుకు వెళ్ళలేదండీ?" అని అడిగేశాను. అడగాల్సిన ప్రశ్న అది కాదని అడిగాకే తెలిసింది.

"తెలుసండి. తెలిసే భయమేసింది. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?" అన్నారు. నావైపు తిరిగి, "ఒక్కదాన్నే వెళ్ళలేననిపించింది. అందుకే చెయ్యెత్తా. ఎవరైనా గేటు దగ్గర అడుగుతారేమోనని చూశానమ్మగారూ" అన్నారు.

నిష్ఠూరంగా అనలేదు. నిష్ఠూరమాడి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది. పైగా నా చెయ్యి పట్టుకుని, "మీకు నిద్ర పడుతోందా?" అని ఆవిడే నన్ను అడిగారు. నేను విన్న ఆవిడ చివరి ప్రశ్న అది.

సమాధి కార్యక్రమానికి దివిసీమ నలుమూలల నుంచీ ఆడవాళ్ళు వచ్చారు. ఆవిడతో బస్టాండు దాకా నడిచినవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకప్పటిదాకా తెలీదు. ఒక్కొక్కరూ నా దగ్గరికొచ్చి, "నన్ను అడిగారండి" అని చెప్పుకుని ఏడ్చారు. ఆవిడని నేను అడిగానని చెప్పగలిగినవాళ్ళు అంతమందిలో ఒక్కరూ లేరు. ఆ లోటుకు మొదటి బాధ్యురాలిని నేనే. అటువంటి మనిషి మా సంఘానికి మళ్ళీ దొరకదు.

ఆ తర్వాతి శుక్రవారం నేనే చాపలు పరిచాను. విన్నపాల వేళకి వెనక వరసలో రూతమ్మ మెల్లగా చెయ్యెత్తింది. ప్రార్థన చేశాను, మంచి మాటలేవీ దొరకలేదు. టీ వదిలేసి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తను రాగానే, "ఏమైంది రూతమ్మా?" అన్నాను. "ఏం లేదమ్మగారూ" అంది. నేనూ నమ్మలేదు. తనతోబాటు బస్టాండు వైపు నడిచాను. సెంటరు దాటకముందే రూతమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

టీచరుగారూ, ఆ మాట అడగడానికి నాకు చెప్పులు వేసుకున్నంత సేపు కూడా పట్టలేదండీ.