మాట పడిపోయినవాళ్లకు మిగిలే మాటలు

మా నాయన నోరు మంచిది కాదు. కూతురినై ఉండి నేనీ మాట అనకూడదు గానీ, ఊళ్లో ఎవరినడిగినా అదే చెప్పేవాళ్లు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు మాత్రం ఆయన నోటితో పనిలేకుండా బాగానే ఉండేది. చిల్లకూరు దాటి సముద్రం వైపు పోతే, ఉప్పునీటి పాయకు ఇవతల మా పొలాలు. పొద్దున్నే లేచి ఎద్దునూ, కాలవకు మడవ సరిగ్గా కట్టని కూలివాణ్నీ, వాన కురిపించని దేవుణ్నీ, ఆఖరికి నన్నూ వరసబెట్టి తిట్టి గానీ ఆయన సద్ది తాగేవాడు కాదు. తిట్టు ఒకటే: "నీ దుంప తెగ!" కోపమొచ్చినా అదే, ముద్దొచ్చినా అదే. మద్రాసులో నాకు డాక్టరు చదువుకు సీటొచ్చిందని తెలిసిననాడు, "నీ దుంప తెగ, సాధించినావే అమ్మయ్యా!" అని నన్ను ఎత్తుకోబోయి, పెద్దపిల్లనైపోయానని గుర్తొచ్చి, పక్కనున్న దూడను ఎత్తుకున్నాడు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది మా అత్త, నాయనకు అక్క. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో పప్పు మాడితే పాయ అవతలి ఊరికి తెలిసిపోయేది. ఆ ఇద్దరి అరుపుల మధ్య పెరిగినదాన్ని, నా నోరు మాత్రం ఎట్లా మెత్తగా ఉంటుంది?

సెలవులైపోయి నేను మద్రాసు పోయేటప్పుడల్లా నాయన బండి కట్టించుకుని గూడూరు స్టేషను దాకా వచ్చేవాడు. మావైపు ఇల్లు విడిచేవాళ్లు "పోతుండా" అనకూడదు, "పొయ్యొస్తా" అనాలి. పెద్దవాళ్లు "పొయ్యిరా" అని బదులియ్యాలి. ఆ బదులు వినకుండా బయల్దేరితే పోయిన పని కాదనీ, పోయిన మనిషి క్షేమంగా తిరిగిరాదనీ నమ్మకం. ఒకసారి రైలు కదలబోతుంటే తొందరలో "పోతుండా నాయనా" అనేశాను. ఆయన కిటికీ ఊచ పట్టుకుని, "దిగు! దిగి సరిగ్గా చెప్పు!" అని అరిచాడు. దిగాను, చెప్పాను. "పొయ్యిరా" అన్నాడు. ఈలోగా రైలు వెళ్లిపోయింది, నా పెట్టె కూడా దానితోపాటే పోయింది. సాయంత్రం బండి వచ్చేదాకా ఇద్దరం ఒకరినొకరు తిట్టుకుంటూ ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం.

చదువు పూర్తయి హౌస్ సర్జనుగా చేస్తున్న రోజుల్లో, మా ఆసుపత్రిలో నరాల వార్డు కొత్తగా పెట్టారు. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలు అవి. పక్షవాతం వచ్చినవాళ్లకు మెడలో కొట్టుకునే పెద్ద రక్తనాళంలోకి సూది గుచ్చి మందు ఎక్కించి, ఆ మందు మెదడులోకి పాకే క్షణంలో ఎక్స్‌రే తీసేవాళ్లు. మొదటిసారి ఆ తడి ఫిలిమును వెలుతురుకు ఎత్తిపట్టి చూపించినప్పుడు నేను ముక్కు ఆనించినంత దగ్గరగా పోయి చూశాను. పుర్రె లోపల రక్తం పారే దారులు మా పంటకాలవల్లాగే చీలి, మళ్లీ చీలి పోతున్నాయి. ఒక కాలవ మాత్రం సగంలో ఆగిపోయింది. మంచం మీదున్న ఆ మనిషికి కుడిచెయ్యి లేవదు. ఎందుకు లేవదో ఫిలిములో కనిపిస్తోంది! అప్పట్లో దానికి మందంటూ పెద్దగా లేదు. చెడింది ఎక్కడో చూపించే విద్యే గానీ బాగుచేసే విద్య కాదు. అయినా నాకు అదే కావాలనిపించింది. తిన్నా, పడుకున్నా అదే ధ్యాస.

పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, మీ దగ్గర నేర్చుకుంటాను, చేర్చుకోమని అడిగాను.

"ఈ పనికి ఆడవాళ్లెవరూ ఇంతవరకూ రాలేదే" అన్నారాయన.

"నేనొచ్చాను కదండీ" అన్నాను.

ఆయన నవ్వి, ఎండాకాలం పోయాక వచ్చి చేరమన్నారు. ఉన్నది ఒకటే చోటు, దానికోసం నా వెనక చాలామంది కాచుకుని ఉన్నారు.

ఆ ఎండల్లోనే నాయన పడిపోయాడు. కళ్లంలో వడ్లు తూర్పార పడుతుంటే చేట చేతిలోంచి జారిపోయింది. చేట జారితే తిట్టాలి కదా, తిట్టలేదు. కూలివాళ్లు భయపడింది అందుకేనట. నేను పరుగెత్తి పోయేసరికి మూతి ఒక పక్కకు వాలింది, కుడిచెయ్యీ కుడికాలూ చచ్చుపడ్డాయి, మాట లేదు. మెదడుకు ఎడమపక్క ఏ నాళం మూసుకుపోయి ఉంటుందో నాకు తెలుసు. బొమ్మ గీయమంటే అక్కడికక్కడ గీసి చూపించేదాన్ని. దానివల్ల ఆయనకేమి లాభం?

అత్త ఊరుకుంటుందా! పక్షవాతానికి పావురాయి నెత్తురు వేడివేడిగా రాయాలనీ, గాలి సోకకుండా తలుపులు మూసిపెట్టాలనీ మావైపు అందరికీ తెలిసిన వైద్యం. తెల్లారేసరికి పంచలో పావురాళ్ల గంప దిగింది.

"ఇదేందత్తా, నేనొక డాక్టర్ని ఇంట్లో ఉండగా!" అన్నాను.

"అయితే తీ మీ మద్రాసు మందు. అదే పోద్దాం" అంది అత్త.

నా దగ్గర మందెక్కడిది? చివరికి ఇద్దరం రాజీపడ్డాం. నెత్తురు ఆమె రాసేది, చేతినీ కాలినీ నేను కదిలించేదాన్ని, కిటికీలు మాత్రం తెరిచి ఉంచాలి. కొన్నాళ్లకు కాలు కొద్దిగా కదిలితే, అది పావురాయి గొప్పా నా గొప్పా అని మళ్లీ కొట్లాడుకున్నాం.

ఒకనాడు గంజి పోస్తుంటే వేడి తగిలి నాయన నోట్లోంచి మాట ఊడిపడింది. "నీ దుంప తెగ!" అత్త గిన్నె కిందపెట్టి ఏడ్చింది. నేనైతే ఎగిరి గంతేశాను. ఇంక మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చేస్తాయనుకున్నాం. రాలేదు. ఆ ఒక్కటే మిగిలింది. నీళ్లు కావాలన్నా అదే, ఉప్పు చాలకపోయినా అదే, ఏడుపొచ్చినా అదే. పలకరించడానికి వచ్చిన పూజారిగారికి ఎడమచేత్తో దండం పెట్టి అదే అన్నాడు. ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. మాట పడిపోయినవాళ్లకు ఇట్లా జరుగుతుందని నేను చదివాను. వెతికి తెచ్చుకోవలసిన మాట రాదు, తిట్టూ ప్రార్థనా లాంటివి వాటంతటవే వచ్చేస్తాయి. చదివినప్పుడు వింతగా ఉండింది గానీ, సొంత ఇంట్లో జరిగితే వింతగా ఉండదు.

ఎండాకాలం అయిపోయింది. మద్రాసు పోవాలి. రోజూ నాయన మంచం పక్కన నిలబడి "పొయ్యొస్తా నాయనా" అనేదాన్ని. ఆయన పెదవులు బిగించి ప్రయత్నించేవాడు. "పో" దాకా వచ్చినట్టే ఉండేది, తీరా బయటికొచ్చేది తిట్టే.

"మాట రాకుండా గడప దాటితే ఆ చదువు నీకు అచ్చిరాదు అమ్మయ్యా. ఉండు, వస్తాది. మీ నాయనకు మాట వస్తాది" అనేది అత్త.

మనిషి మెదడును ఫిలిములో చూసినదాన్ని నేను. ఆ నమ్మకం నాకు ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను గానీ, నా కాలు మాత్రం కదల్లేదు. ఇంకొంచెం గడువు కావాలని జాబు రాశాను, ఇచ్చారు. మళ్లీ రాశాను. ఈసారి ఫలానా రోజుకల్లా రాకపోతే ఆ చోటు వేరొకరికి పోతుందని బదులొచ్చింది. ఆ బదులు నాయనకు చదివి వినిపించాను.

మర్నాడు పొద్దున వాకిట్లో చూస్తే బండి కట్టి ఉంది. నాయన ఎడమచేతిలో కర్రతో ఎద్దుల్ని చూపిస్తూ, గూడూరు దిక్కు చూపిస్తూ, బండివాణ్ని తిడుతున్నాడు. అత్త అడ్డం పడబోతే ఆమెనూ తిట్టాడు. నా పెట్టె ఎక్కించిందాకా ఊరుకోలేదు. తననూ ఎక్కించమని బండి పట్టె మీద కర్రతో కొట్టాడు. ఇద్దరు పట్టి ఎత్తి కూర్చోబెట్టారు. దారి పొడుగునా ఆ తల ఊగిపోతూనే ఉంది.

బండివాడు నాయనను ప్లాట్‌ఫారం మీదికి పట్టుకొచ్చాడు. రైలొచ్చింది. పెట్టె లోపలికి పోయింది. నేను కిందే నిలబడి "పొయ్యొస్తా నాయనా" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. మెడనరాలు పొంగాయి. పెదవి చివర చొంగ కారుతోంది, తుడవబోతే చెయ్యి నెట్టేశాడు. గార్డు ఈల వేశాడు. నేను కదల్లేదు. నాకు ఆ మాట కావాలి. ఆయన నా వైపు చూశాడు, రైలు వైపు చూశాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ దుంప తెగ!" అని అరిచి, ఎడమచేత్తో నా వీపు మీద ఒక్క తోపు తోశాడు. ఆ తోపుకే ఎక్కాను.

చదువు అచ్చొచ్చింది. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే అత్త మాటే నిజమైందనుకుంటారు. మెడలో సూది గుచ్చడం నేర్చుకున్నాను. ఫిలిం పైకెత్తగానే ఎక్కడ ఆగిందో చెప్పగలిగాను. పెద్ద డాక్టరుగారు నా పరిశోధనకు ఒక పని అప్పగించారు: మాట పడిపోయినవాళ్లకు ఏ మాటలు మిగులుతున్నాయో, మిగిలినదాన్నుంచి కొత్త మాట తేగలమో లేదో చూడమని. మంచం మంచానికీ తిరిగేదాన్ని. ఒక కోమటాయనకు "రామరామ" మిగిలింది. ఒక తమిళ బడిపంతులుకు "సరి సరి" మిగిలింది. నెలల తరబడి కూర్చుంటే కొందరి నోట్లోంచి ఇంకొక మాట తేగలిగాను. ఆ మాట వచ్చిననాడు వాళ్ల పెళ్లాం పిల్లలు ఏడుస్తుంటే నాకు సంతోషంతోపాటు కుళ్లు కూడా పుట్టేది. అవును, కుళ్లే.

ఇంటికి పోయినప్పుడు నాయనతోనూ కూర్చునేదాన్ని. ఆసుపత్రిలో ఉండే ఓపిక అక్కడ ఉండదు. పావుగంటకే ఇద్దరం విసుక్కునేవాళ్లం. బయల్దేరేటప్పుడు గడప దగ్గర ఆగి ఆయన మొహంకేసి చూసేదాన్ని. ఆయన తల తిప్పుకుని వెళ్లమని చెయ్యి ఊపేవాడు. రైల్లో కూర్చున్నాక ఏదో మరిచిపోయి వచ్చినట్టు ప్రతిసారీ పెట్టె తడుముకునేదాన్ని. సూళ్లూరుపేట దాటిందాకా అంతే. ఆ మాట ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి వినాలని ఎంత ఉండేదో!

అట్లా కొన్నేళ్లు గడిచాక టెలిగ్రాం వచ్చింది. నాయనకు పక్షవాతం రెండోసారి వచ్చింది, ప్రాణం ఇంక ఆగలేదు. నేను పోయేసరికి అంతా అయిపోయింది.

కర్మలన్నీ ముగిశాక అత్త నా పక్కన కూర్చుని, చెంగు నోట్లో కుక్కుకుని, "ఆ మాట వచ్చినాది అమ్మయ్యా" అంది.

"ఏ మాట?"

"పొయ్యిరా. నువ్వు కడసారి వచ్చి పోయినాక, కోతలప్పుడు వచ్చినాది. నువ్వు పోయినప్పుడల్లా పంచలో కూర్చోని పో, పో అని ఒకటే సాధన. నాకు తిక్క లేచేది. ఒకనాడు కాకిని తోలతా అనేసినాడు. ఆపైన ఇంటికొచ్చి పొయ్యే ప్రతివాళ్లకూ అదే. పోస్టాయనకు, చాకలికి, చేపలమ్మికి. నీకు జాబు రాయిస్తానంటే చెయ్యి అడ్డం ఊపినాడు. నువ్వొచ్చి పొయ్యేనాడు అందామని."

జన్మలో అత్త దాచిన రహస్యం అదొక్కటే.

ఆ సాయంత్రం నేను ఊళ్లోకి బయల్దేరాను. మాట పడిపోయినవాళ్లకు మిగిలిన మాటలను అడిగి తెలుసుకోవడం నాకు అలవాటైన పనే కదా. ఎట్ట అనేవాడు? ఒకసారి అని చూపించండి, మళ్లీ అనండి. పోస్టాయన మూడు ముక్కలుగా విరిచి అన్నాడు. చాకలి గబుక్కున ఒక్క ఊపులో అన్నాడు. చేపలమ్మే ఆమె రాగం తీసింది. నాయన గొంతు ఎవరిలోనూ వినబడలేదు. చివరికి మా బండివాడి ఇంటికి పోయాను. అతను అనబోయి ఆగిపోయాడు.

"నాకు చెప్పినట్టుండదమ్మా" అన్నాడు. "మొహం నా తట్టు తిప్పేవోడే కాదు. గూడూరు రోడ్డు తట్టు చూసి అనేవోడు."

ఇంక నేనెవరినీ అడగలేదు.